పాడేవాళ్లకు ఈత: దమ్ము నిజంగా పెరుగుతుందా, గొంతుకు చేటా?

పల్లవిచరణం అడిగారు:

గంటన్నర ఏకధాటిగా పాడాల్సి వస్తే చివరి అరగంట నాకు దమ్ము చాలడం లేదు. పొడుగు వాక్యం చివరికొచ్చేసరికి స్వరం సన్నబడి శ్రుతి కిందికి జారుతోంది. హడావిడిగా ఊపిరి తీస్తే భుజాలు పైకి లేస్తున్నాయి, ఆ చప్పుడు మైకులో వినిపిస్తోంది. గొంతు బాగానే ఉంటోంది, ఒళ్లే ముందు అలిసిపోతోంది. అందుకే ఈత మొదలుపెడదామని ఉంది. ఫ్రీస్టైల్‌లో 25 మీటర్లు వెళ్లగలను కానీ అవతలి గట్టు అందుకునేసరికి రొప్పు వచ్చేస్తుంది.

ఈతతో ఊపిరితిత్తులు పెద్దవవుతాయని కొందరంటారు. అదేం లేదు, పైగా క్లోరిన్‌తో గొంతు పాడవుతుందని ఇంకొందరంటారు. అమెరికన్ గాయకుడు ఫ్రాంక్ సినాట్రా ఊపిరి బిగపట్టి నీటి అడుగున ఈదేవాడని, ఒక్క గుక్కలో అంతంత పొడుగు వాక్యాలు పాడగలగడానికి అదీ ఒక కారణమని చదివాను. మనమూ అలా చేయొచ్చా? ఏ స్ట్రోక్ మంచిది, వారానికి ఎంత ఈదాలి, అది పాటలోకి ఎలా వస్తుంది? ఈతా పాటా తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

లేన్‌నాలుగు:

ముందు ఆ రొప్పు సంగతి తేలుద్దాం. గంట దాకా ఇబ్బంది లేకుండా పాడగల మనిషి 25 మీటర్లకే రొప్పుతున్నారంటే అది దమ్ము లేక కాదు, లోపలి గాలి బయటికి పోక. తల నీళ్లలో ఉన్నంతసేపు ఊపిరి బిగపట్టేస్తారు. తల పక్కకు తిప్పాక నోరు నీటిపైన ఉండేది ఒక్క సెకను కూడా ఉండదు. ఆ కాస్త వ్యవధిలోనే పాత గాలి వదలాలి, కొత్తది తీయాలి. రెండూ కుదరవు. సగం వదిలి సగం తీసి మళ్లీ తల దించుతారు. రెండు మూడు సార్లు ఇలా జరిగేసరికి లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. ఊపిరి ఆడనట్టు అనిపించేది ప్రధానంగా దానివల్లే, ఆక్సిజన్ తగ్గడం వల్ల కాదు. కంగారులో తల పైకెత్తుతారు, తల లేస్తే నడుము, కాళ్లు కిందికి దిగుతాయి, అదే వేగానికి ఇంకా ఎక్కువ కష్టపడాల్సి వస్తుంది.

దీనికి మందు ఈదడంలో లేదు, గట్టు దగ్గరే ఉంది. ఛాతీలోతు నీళ్లలో గట్టు పట్టుకుని నిలబడండి. ముఖం నీళ్లలో పెట్టి, నోరు మూసి, ముక్కుతో "మ్మ్..." అని చిన్నగా కూనిరాగం తీస్తూ గాలి వదలండి. బుడగలు తెగకుండా, ఒకే లావున, 5 నుంచి 6 సెకన్లు రావాలి. చివర్లో మిగిలిన గాలిని "ఫూ" అని నోటితో ఊదేస్తూ తల పైకి తేవాలి. నోరు తెరవగానే గాలి దానంతటదే లోపలికి వస్తుంది, మీరు లాక్కోనక్కర్లేదు. ఆగకుండా మళ్లీ ముఖం నీళ్లలోకి. ఇలా 20 సార్లు. 20 అయ్యేసరికి ఆయాసం రాకూడదు. వస్తోందంటే వదిలినదానికన్నా ఎక్కువ తీస్తున్నారన్నమాట. బుగ్గలు ఉబ్బినా, పళ్లు బిగిసినా ఆపి మళ్లీ మొదలుపెట్టండి.

పాడేవాళ్లకు ఈ కూనిరాగం బాగా పనికొస్తుంది. ముక్కులోకి నీళ్లు రావు సరికదా, గాలి ఎక్కడ కుదుపుతోందో మీ చెవికే తెలిసిపోతుంది. స్వరం వణికిందంటే బుడగలూ వణుకుతాయి.

అది కుదిరాక రెండో మెట్టు. ఒక చేత్తో గట్టు పట్టుకుని బోర్లా తేలుతూ, తల పక్కకు తిప్పి ఊపిరి తీయండి. చెవి నీళ్లలోనే ఉండాలి. గాగుల్స్ అద్దాల్లో ఒకటి నీళ్లలో, ఒకటి బయట. రెండూ బయటికి వచ్చాయంటే తల తిప్పలేదు, ఎత్తారు.

తర్వాత ఈత. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, 30 నుంచి 40 నిమిషాలు. మొదటి రెండు వారాలు 25 మీటర్లు ఎనిమిది సార్లు, ప్రతిసారీ 30 సెకన్ల విరామం, రెండు వేట్లకోసారి ఊపిరి (ఒక్కో చేయి ఒకసారి నీటిని లాగితే ఒక వేటు). మూడు, నాలుగు వారాల్లో 50 మీటర్లు ఆరు సార్లు, అదే విరామం. ఐదో వారం నుంచి 100 మీటర్లు నాలుగు సార్లు, మూడు వేట్లకోసారి ఊపిరి, అంటే ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి. ఆయాసం వస్తే మొహమాటపడకుండా రెండు వేట్లకు వచ్చేయండి. ఊపిరి ఆపుకుని లెక్క నిలబెట్టుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. ప్రతి రోజూ చివర్లో 100 మీటర్లు తీరిగ్గా వెల్లకిలా బ్యాక్‌స్ట్రోక్ చేయండి. అందులో ముఖం బయటే ఉంటుంది కాబట్టి ఒక చేయి లేచినప్పుడు తీసుకుని, రెండోది లేచినప్పుడు వదలడం హాయిగా కుదురుతుంది.

ఎంత గట్టిగా ఈదాలంటే, గట్టు పట్టుకున్న కొన్ని క్షణాల్లోనే ఒక చిన్న వాక్యం తెగకుండా చెప్పగలగాలి. చేతి గడియారం చూపించే గుండె వేగం వెంట పడకండి. అదే శ్రమకు నేల మీదకన్నా నీళ్లలో గుండె నిమిషానికి సుమారు 10 సార్లు తక్కువ కొట్టుకుంటుంది.

గాత్రసాధన:

లేన్‌నాలుగు గారు చెప్పిన బుడగల అభ్యాసం ఒక్కటి చాలు ఈత పాటకు ఎందుకు దగ్గరో చెప్పడానికి. చటుక్కున తీయడం, తీరిగ్గా వదలడం. నడకలో, పరుగులో తీయడానికీ వదలడానికీ ఇంచుమించు ఒకే సమయం పడుతుంది. పాటలోనూ ఈతలోనూ అలా కాదు. ఇంక మీ ప్రశ్నలు.

పెద్దయ్యాక ఈత మొదలుపెడితే ఊపిరితిత్తులు చెప్పుకోదగ్గంత పెద్దవి కావు. పోటీ ఈతగాళ్లకు ఊపిరి సామర్థ్యం ఎక్కువన్నది నిజమే. అయితే అందులో కొంత పుట్టుకతో వచ్చిన శరీరం, కొంత ఎదిగే వయసు నుంచీ చేసిన సాధన. మీకు పెరిగేవి ఊపిరి కండరాల బలం, గుండె ఓర్పు. మీ బాధ చివరి అరగంటలో ఒళ్లు అలిసిపోవడం కాబట్టి మీకు కావలసిందీ అదే. శ్రమకు గుండె అలవాటుపడితే పాటకు పాటకు మధ్య ఆయాసం త్వరగా దిగుతుంది, నిలబడి, కదులుతూ పాడినా ఊపిరి మీ చేతిలోనే ఉంటుంది.

కండరాల బలం ఎలా వస్తుందో చూడండి. నీటి మట్టానికి ఎన్ని సెంటీమీటర్ల కింద ఉంటే అన్ని సెంటీమీటర్ల నీటి ఒత్తిడి. మెడలోతు నీళ్లలో నిలబడితే ఛాతీ మధ్యభాగం మీద సుమారు 20 సెంటీమీటర్ల ఒత్తిడి పడుతుంది. ప్రతి ఊపిరికీ డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ఊపిరి కండరం), పక్కటెముకల మధ్య కండరాలు ఆ ఒత్తిడిని నెట్టుకుంటూ ఛాతీని విప్పాలి. మామూలు స్థాయిలో పాడేటప్పుడు స్వరతంత్రుల కింద కావలసిన ఒత్తిడి 5 నుంచి 10 సెంటీమీటర్లే. గట్టిగా, తారస్థాయిలో, అంటే పై స్వరాల్లో పాడితే 20 దాటుతుంది. నీళ్లలో ఊపిరి తీయడమే బరువైన పని అని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. నిండుగా ఊపిరి తీశాక పక్కటెముకలు వాటంతటవే ముడుచుకోవాలని చూస్తాయి. ఆ ముడుచుకునే ఒత్తిడి మెత్తగా పాడటానికి కావలసినదానికన్నా ఎక్కువ. దాన్ని అలాగే వదిలేస్తే వాక్యం మొదట్లోనే గాలి భళ్లున పోతుంది, చివరికి ఏమీ మిగలదు. అందుకే పాడేవాళ్లు ఊపిరి తీసే కండరాలతోనే పక్కటెముకలను కాసేపు ఆపి పట్టుకుంటారు, సైకిల్ దిగుడు రోడ్డు మీద వెళ్తుంటే బ్రేకు నొక్కినట్టు. ఈత ఆ కండరాలకు బలం ఇస్తుంది కానీ బ్రేకు నొక్కడం నేర్పదు. నీళ్లలో బయటి ఒత్తిడి కూడా ఊపిరి వదలడానికే సాయపడుతుంది కదా. ఆ పట్టు నేల మీద విడిగా సాధించాల్సిందే.

అందుకు రోజుకు 10 నిమిషాలు చాలు. అరచేతులు కింది పక్కటెముకల మీద పెట్టుకోండి. ఒక్క సెకనులో చప్పుడు లేకుండా నోటితో ఊపిరి తీయండి. తర్వాత "స్స్..." అని 12 సెకన్లు సన్నగా వదలండి. మొదటి 6 సెకన్లు అరచేతుల కింద పక్కటెముకలు లోపలికి రాకూడదు, పొట్ట మాత్రమే నెమ్మదిగా లోపలికి వెళ్లాలి. ఐదు సార్లు. అది కుదిరాక 16, తర్వాత 20 సెకన్లు. ఆ తర్వాత అదే పట్టుతో మధ్యస్థాయిలో "ఆ..." అని పాడండి. చివర్లో మీకు దమ్ము తెగే వాక్యాన్నే తీసుకుని పాడండి. ఈ చివరి మెట్టు మానేస్తే మిగతా సాధనంతా పాటకు బయటే ఉండిపోతుంది.

ఈత మొదలుపెట్టే ముందు ఒక చిన్న పరీక్ష చేసుకోండి. "స్స్" ఎన్ని సెకన్లు లాగగలరు, ఇబ్బంది లేని శ్రుతిలో "ఆ" ఎన్ని సెకన్లు లాగగలరు, మూడేసి సార్లు చూసి రాసుకోండి. రెండూ తక్కువే ఉంటే ఊపిరి వైపు పని ఉంది, ఈత సాయపడుతుంది. "స్స్" 25 సెకన్లు వచ్చి "ఆ" 12 దగ్గరే ఆగిపోతుంటే గాలి స్వరతంత్రుల దగ్గర కారిపోతోందని అనుమానించాలి. అది ఈతతో బాగుపడదు. దానికి తోడు బొంగురు రెండు మూడు వారాలకు మించి ఉంటే గొంతు వైద్యుడికి చూపించండి. రెండూ బాగానే ఉండి పాటలో మాత్రమే తెగుతోందంటే, ఊపిరి ఎక్కడ తీయాలో పాట కాగితం మీద గుర్తు పెట్టుకోకపోవడమే కారణం కావచ్చు.

మెడ గురించి జాగ్రత్త. ఫ్రీస్టైల్‌లో తల ఎత్తి ఊపిరి తీసేవాళ్లకు చెవి వెనక నుంచి కాలర్ ఎముక దాకా వచ్చే కండరం తాడులా బిగుస్తుంది. భుజాలు లేపి ఊపిరి తీసేటప్పుడు పనిచేసేదీ అదే. మీకు ఆ అలవాటు ఇప్పటికే ఉంది కాబట్టి తప్పుగా ఈదితే అది ఇంకా ముదురుతుంది. తల అసలు ముంచకుండా, కప్పలా చేతులూ కాళ్లూ కదుపుతూ చేసే బ్రెస్ట్‌స్ట్రోక్ అయితే మరీ చెడ్డది. మెడ వెనక్కి విరిగి ఉంటుంది, గొంతు ముందుభాగమంతా సాగి బిగుసుకుంటుంది, పాడబోతే స్వరపేటిక తేలిగ్గా కదలదు. ఈత అయ్యాక గుమ్మం ఫ్రేముకు ముంజేయి ఆనించి, ఒక అడుగు ముందుకు వేసి, ఛాతీ కండరాన్ని 30 సెకన్లు సాగదీయండి. ఒక్కో వైపు రెండు సార్లు. లేకపోతే కొన్ని నెలల్లో భుజాలు ముందుకు వంగుతాయి.

చెవిముక్కుగొంతు:

నీటి అడుగున ఊపిరి బిగపట్టి ఈదడం గురించి సూటిగా చెప్తున్నాను: వద్దు. సినాట్రా చేశాడన్నది ప్రసిద్ధమే, అయినా వద్దు.

కారణం ఇది. మునిగే ముందు నాలుగైదు సార్లు గబగబా లోతుగా ఊపిరి తీస్తే ఒంట్లో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం బాగా పడిపోతుంది. ఊపిరి తీయాలన్న తపన పుట్టించేదే అది. తపన ఆలస్యమవుతుంది, ఈలోపు ఆక్సిజన్ స్పృహ నిలిచే స్థాయి కిందికి దిగిపోతుంది. ఏ హెచ్చరికా లేకుండా మనిషి నీటి అడుగునే స్పృహ తప్పుతాడు. పైనుంచి చూసేవాళ్లకు ఇంకా ఈదుతున్నట్టే కనిపించవచ్చు. ఇది ఈత బాగా వచ్చినవాళ్లకు కూడా జరుగుతుంది, నడుములోతు నీళ్లలో కూడా. గబగబా ఊపిరి తీయకుండా బిగపట్టినా, పదే పదే చేస్తే ప్రమాదమే.

పోనీ పాటకు లాభమా అంటే అదీ లేదు. ఊపిరి బిగపట్టేది స్వరతంత్రులను గట్టిగా మూసి. పాడేటప్పుడు కావలసింది అవి తేలిగ్గా కలిసి, వాటి మధ్య గాలి సన్నగా పారుతూ ఉండటం. బిగించే అలవాటు ముదిరితే వాక్యం ఎత్తుకోవడమే గొంతు నొక్కినట్టు వస్తుంది.

క్లోరిన్ విషయంలో భయం సగం నిజం. కొలను దగ్గర ముక్కులో ఘాటుగా తగిలేది చాలావరకు క్లోరిన్ కాదు. చెమటా మూత్రం లాంటివాటితో క్లోరిన్ కలిసి తయారయ్యే క్లోరమైన్లు. కళ్లు మండించేవీ, దగ్గు తెప్పించేవీ అవే. నీటి ఉపరితలం మీదే పేరుకుంటాయి, ఈతగాడు ఊపిరి తీసేదీ సరిగ్గా అక్కడే. కాబట్టి ఘాటు ఎక్కువగా ఉందంటే నీళ్లు బాగా శుభ్రంగా ఉన్నాయని అనుకోకూడదు, గాలి ఆడటం లేదని, నీటి నిర్వహణ సరిగా లేదని అనుకోవాలి. కొలను దగ్గర రాసిపెట్టే కొలతలు చూడండి: స్వేచ్ఛా క్లోరిన్ (ఇంకా దేనితోనూ కలవనిది) 1 నుంచి 3 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 1 నుంచి 3 భాగాలు, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. పైకప్పు లేని కొలను దొరికితే పాడేవాళ్లకు అదే మేలు. పైకప్పు ఉన్నదైతే జనం తక్కువగా ఉండే సమయం చూసుకుని, గట్టుకు దగ్గరగా గాలి ఆడే లేన్ ఎంచుకోండి. దిగేముందు ఒక నిమిషం షవర్ కింద ఒళ్లు కడుక్కోవడం మర్యాద కోసం కాదు, ఆ క్లోరమైన్లు తగ్గడానికే.

గమనించుకోవలసిన లక్షణాలు రెండు రకాలు. ఈత ఆపిన 5 నుంచి 10 నిమిషాల్లో దగ్గు, ఛాతీ పట్టేయడం, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వస్తే అది వ్యాయామంతో వచ్చే ఆస్తమా లక్షణం కావచ్చు. అలా కాకుండా గట్టిగా ఈదుతుండగానే గొంతు మూసుకుపోయినట్టై, ఊపిరి తీసేటప్పుడు కూత వచ్చి, ఆపగానే తగ్గిపోతుంటే ఇబ్బంది స్వరపేటిక దగ్గర ఉండవచ్చు. రెండిటికీ వైద్యం వేరు. అందుకే డాక్టరుకు చెప్పేటప్పుడు కూత తీసేటప్పుడా వదిలేటప్పుడా, ఈదుతుండగానా ఆపాకా అన్నది స్పష్టంగా చెప్పండి.

ముక్కులోకి నీళ్లు పోతే లోపలి పొర వాచి, కఫం గొంతులోకి జారుతుంది. ఇంక రోజంతా గొంతు సవరించుకుంటూ ఉంటారు. స్వరతంత్రులకు క్లోరిన్ కన్నా ఆ సవరించుకోవడమే ఎక్కువ దెబ్బ. ముక్కు క్లిప్ పెట్టుకోవచ్చు. ఈత తర్వాత ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కుంటే మంచిది, అయితే కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి. చెవుల్లో పుల్లలు పెట్టకండి, తల వంచి నీళ్లు కారనివ్వండి. చెవి డొప్ప లాగితే నొప్పి పుడుతోందంటే బయటి చెవిలో ఇన్‌ఫెక్షన్ మొదలైందనుకోండి, తగ్గేదాకా నీళ్లలోకి దిగకండి. కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఈత మొదలుపెట్టకూడదు.

తిన్నాక రెండు మూడు గంటలు ఆగండి. బోర్లా పడుకుని, పొట్ట మీద నీటి ఒత్తిడితో ఈదుతుంటే ఆమ్లం పైకి ఎగదన్నడం సులువు. అది గొంతు దాకా వస్తే గుండెల్లో మంట లేకపోయినా పొద్దున్నే గొంతు బరువుగా ఉంటుంది. నీళ్లు తాగడం మర్చిపోకండి. నీళ్లలో ఉన్నప్పుడు కూడా చెమట పడుతుంది, తెలియదంతే.

అలమీద:

బ్రెస్ట్‌స్ట్రోక్‌ను అంత తీసిపారేయక్కర్లేదు. తల ముంచి చేసే బ్రెస్ట్‌స్ట్రోక్ పాడేవాళ్లకు ఫ్రీస్టైల్ కన్నా దగ్గరని నా అభిప్రాయం. ప్రతి వేటుకూ ఒకే ఊపిరి. చేతులు లోపలికి లాగుతుండగా ముఖం బయటికి వస్తుంది, చటుక్కున ఊపిరి. తర్వాత చేతులు ముందుకు చాచి, కాళ్లు తన్ని, నీళ్లలో జారిపోతుంటారు, ఆ జారుడు పొడుగునా ఊపిరి వదలడం. మొదట ఒక సెకను జారండి, తర్వాత రెండు, తర్వాత మూడు. వాక్యం నిడివి పెంచుకున్నట్టే ఉంటుంది. మెడ పక్కకు తిప్పే పనే లేదు. చూపు మాత్రం ఎప్పుడూ నీళ్లలోకి, కిందికి ఉండాలి. ఊపిరి తీసేటప్పుడు కూడా ఎదుటి గట్టును చూడకూడదు, గడ్డం నీటిని ఆనుకునే ఉండాలి.

లేన్‌నాలుగు:

ఒప్పుకుంటాను. అయితే రెండు మాటలు. కాళ్ల తన్ను సరిగా రాకపోతే మోకాలి లోపలివైపు నొప్పి వస్తుంది, మోకాళ్లను మరీ వెడల్పుగా తెరిచి తన్నేవాళ్లకు ఇంకా త్వరగా. నొప్పి వచ్చిన రోజు ఆ స్ట్రోక్ ఆపేసి, కాళ్ల మధ్య పుల్ బాయ్ (కాళ్లను తేల్చే నురుగు దిమ్మ) పెట్టుకుని చేతులతోనే ఈదండి. రెండోది, మూడు సెకన్ల జారుడులో వేగం బాగా పడిపోతుంది, గుండెకు వ్యాయామం తగ్గుతుంది. కాబట్టి పాట కోసం 200 మీటర్లు పొడుగు జారుడుతో చేసి, మిగతాది ఫ్రీస్టైల్ చేస్తే రెండూ దక్కుతాయి.

మెడ నొప్పి ఉన్నవాళ్లు ముఖం ముందు నిటారుగా నిలిచే స్నార్కెల్ (ఊపిరి తీసుకునే గొట్టం) పెట్టుకుని ఫ్రీస్టైల్ చేయొచ్చు. తల తిప్పే పని ఉండదు. గొట్టంలో కొంత పాత గాలి మిగిలి మళ్లీ లోపలికి వస్తుంది కాబట్టి ఊపిరి కాస్త బరువనిపిస్తుంది. మొదట్లో 25 మీటర్లు నాలుగు సార్లకు మించొద్దు.

పల్లవిచరణం:

అందరికీ ధన్యవాదాలు. పరీక్ష చేసి చూశాను, "స్స్", "ఆ" రెండూ దాదాపు సమానంగానే ఉన్నాయి, రెండూ తక్కువే. బుడగల అభ్యాసం ఇప్పుడు ఆయాసం లేకుండా అవుతోంది. ఈదేటప్పుడు కుడివైపు పర్వాలేదు, ఎడమవైపు తిరిగితే మాత్రం నోట్లోకి నీళ్లు వచ్చి పొలమారుతోంది. పొలమారిన రోజు సాయంత్రం దాకా గొంతు గరగరలాడుతోంది. ఇంకోటి, కార్యక్రమం ఉన్న రోజు ఈదొచ్చా?

లేన్‌నాలుగు:

ఎడమవైపు మీరు ఆలస్యంగా తిరుగుతున్నారు. కుడిచేయి ముందు నీళ్లలో దిగుతుండగానే తల ఎడమకు తిరగడం మొదలవ్వాలి. చాలామంది ఎడమచేయి గాల్లోకి లేచాక తిప్పుతారు, అప్పటికి ఒళ్లు మళ్లీ బోర్లా పడటం మొదలై నోరు నీళ్లలోకి దిగిపోతుంది. ఇంకో కారణం, ఊపిరి తీస్తుండగా ముందు చాచిన కుడిచేయి కిందికి నొక్కేయడం. ఆసరా పోతుంది, తల మునుగుతుంది. ఆ చేయి ఊపిరి అయ్యేదాకా చాచే ఉంచాలి.

దీనికి ఒక అభ్యాసం. ఎడమవైపు పైకి ఉండేలా పక్కకు తిరిగి, కుడిచేయి ముందుకు చాచి, ఎడమచేయి తొడకు ఆనించి, ఆరు సార్లు కాళ్లు ఆడించండి. ఒక ఊపిరి. తర్వాత ఒక వేటు వేసి రెండోవైపు తిరిగి మళ్లీ ఆరు. 25 మీటర్లు నాలుగు సార్లు, ప్రతి రోజూ ఈత మొదట్లో. ముందుకు పోతున్నప్పుడు తల ముందు నీరు లేచి, చెంప పక్కన చిన్న పల్లం ఏర్పడుతుంది. ఊపిరి ఆ పల్లంలో తీయాలి, చూపు కాస్త వెనక్కి, చంక వైపు ఉంటే నోరు సరిగ్గా అక్కడికే వస్తుంది.

అయినా ఎప్పుడో ఒకప్పుడు నీళ్లు నోట్లోకి రాక మానవు. పొలమారకుండా ఉండాలంటే ఊపిరి తీసేటప్పుడు నాలుక వెనకభాగాన్ని "క్" అనబోయేటప్పటి స్థానం దాకా కొంచెం లేపి ఉంచండి. పూర్తిగా అంటుకోకూడదు, సందు ఉండాలి. నీళ్లు వచ్చినట్టు తెలియగానే ఆ సందు మూసేసి, తల దించి, "ఫూ" అని ఊదేయండి. ఆ వేటుకు ఊపిరి వదులుకుని, తర్వాతి వేటుకు మీకు బాగా వచ్చిన కుడివైపు తీసుకోండి.

గాత్రసాధన:

"క్" స్థానం నీళ్లలోనే సుమా, పాడేటప్పుడు నాలుక వెనకభాగం కిందికి దిగి మెత్తగా ఉండాలి. కాబట్టి ఈత నుంచి నేరుగా పాటకు వెళ్లొద్దు. కనీసం గంట ఆగండి. తర్వాత 5 నుంచి 6 మిల్లీమీటర్ల లావున్న స్ట్రా తీసుకుని, సగం గ్లాసు నీళ్లలో 2 నుంచి 3 సెంటీమీటర్లు ముంచి, "ఊ" అంటూ బుడగలు వచ్చేలా కింది స్వరం నుంచి పైకి, పై నుంచి కిందికి జారుతూ ఐదు నిమిషాలు చేయండి. ముక్కులోంచి గాలి పోకూడదు, అనుమానంగా ఉంటే ముక్కు మూసి చూడండి, బుడగలు మారకూడదు. ఎంత లోతు ముంచితే అంత ఎదురు ఒత్తిడి, అందుకే 10 సెంటీమీటర్లు ముంచి గింజుకోవద్దు. గరగర ఉన్న రోజు ఈ ఐదు నిమిషాలూ, మెత్తగా మధ్యస్థాయి పాటలూ చాలు, తారస్థాయి వద్దు.

కార్యక్రమం ఉన్న రోజు గట్టి ఈత వద్దు. ముందురోజు కూడా మామూలుగా చేసేదాంట్లో సగమే. ఆ రోజు ఈదకపోతే ఒళ్లు బద్ధకంగా ఉంటుందనుకుంటే, పాడటానికి కనీసం నాలుగైదు గంటల ముందు, ఘాటు లేని కొలనులో, 15 నుంచి 20 నిమిషాలు బ్యాక్‌స్ట్రోక్ మాత్రం చేయండి. ముఖం ముంచకండి. అప్పటికి ఎడమవైపు ఊపిరి ఎంత బాగా కుదిరినా ఆ రోజు ప్రయత్నించొద్దు.

"స్స్", "ఆ" పరీక్ష ప్రతిరోజూ చేయకండి, నిద్రను బట్టి, జలుబును బట్టి అంకెలు మారుతుంటాయి. నాలుగు వారాలకోసారి, అదే సమయానికి, అదే శ్రుతిలో చేసి మీ మొదటి అంకెలతో పోల్చి ఇక్కడ పెట్టండి. ఎనిమిది వారాల తర్వాత కూడా "ఆ" కదలకపోతే పక్కటెముకల పట్టు దగ్గర ఏం జరుగుతోందో చూద్దాం. మీకు దమ్ము తెగుతున్న వాక్యం ఏదో, అందులో ఊపిరి ఎక్కడ తీస్తున్నారో కూడా రాయండి.